థర్మామీటర్ ఎక్కడ పెట్టారు?

అందరికీ నమస్కారం. ఇక్కడ కెమికల్ ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువ కనిపిస్తున్నారు. అందుకని చట్టాలు కాసేపు పక్కనపెట్టి, ట్యాంకు దగ్గర మొదలుపెడతాను.

మిట్టమధ్యాహ్నం మేడ మీది నీళ్ల ట్యాంకు మూత తీసి ఎప్పుడైనా చెయ్యి పెట్టారా? పైనున్న నీళ్లు చురుక్కుమంటాయి. అడుగున అంత వేడి ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో, ఆర్.ఆర్. వెంకటాపురం పక్కన, ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో ఉన్నది మాత్రం స్టైరీన్, ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. లాక్‌డౌన్‌కి ప్లాంటు ఆగింది, ట్యాంకులో సరుకు అలాగే ఉంది. స్టైరీన్ వేడెక్కితే దాని అణువులు ఒకదాన్నొకటి గొలుసులా పట్టుకుంటాయి. పట్టుకున్నకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. అది అదుపు తప్పకుండా చల్లగా ఉంచాలి, టీబీసీ అనే మందు కలుపుతుండాలి.

ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక చదివితే మనసు చివుక్కుమంటుంది. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. కూలింగ్‌ని సాయంత్రం 5 గంటలకి ఆపేసేవారు. టీబీసీ స్టాకు లేదు. పాపం ఆ సెన్సర్ అడుగు సంగతి చెబుతూనే ఉంది, పైన మరుగుతున్నది దానికేం తెలుసు? స్టైరీన్ ఆవిరై ఊరి మీదికి వచ్చింది, 12 మంది పోయారు.

1984లో భోపాల్‌లో కూడా ఎంఐసీ (మిథైల్ ఐసోసయనేట్) అనే విష రసాయనం ఉన్న ట్యాంకు కూలింగ్‌ని ప్రమాదానికి నెలల ముందే ఆపేశారు. ఆ తర్వాత మనవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు లెండి. 1986లో పర్యావరణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1996లో కలెక్టర్ల అధ్యక్షతన జిల్లా కమిటీలు వచ్చాయి. 1989 నిబంధనల్లో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది: ఫ్యాక్టరీ లోపల ఏం ప్రమాదం ఉందో, అది జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలి. మాక్ డ్రిల్ లోపల ఆరు నెలలకోసారి, బయట ఏడాదికోసారి. కాగితం మీద చక్కగా ఉంది.

వెంకటాపురానికి సైరన్ వినబడలేదు. 36 చోట్ల నుంచి మోగించే వీలున్నా ఎవరూ మోగించలేదని కమిటీ రాసింది. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, నేలబారున పాకుతుంది. గాలి వీచే దారిలో పరిగెత్తకుండా పక్కకి తప్పుకోవాలి, ఎత్తుకి చేరాలి. అర్ధరాత్రి నిద్రలోంచి లేచినవాళ్లకి ఇది అప్పటికప్పుడు తోచదు.

మీలో చాలామంది రేపు ఏదో ఒక ప్లాంటులో చేరతారు. చేరిన మొదటి వారంలో ప్రహరీకి అవతల ఉన్న మొదటి ఇంటికి వెళ్లండి. మా సైరన్ మీకు వినబడుతుందా అని అడగండి. మా ట్యాంకులో ఏముందో పేరైనా తెలుసా అని కూడా అడగండి.