క్లిక్‌ను నమ్మే ముందు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

క్వాంటం కమ్యూనికేషన్ అనగానే "దాన్నెవడూ హ్యాక్ చేయలేడు" అంటారు. నా గొడవంతా ఆ మాటతోనే. సందేశానికి తాళం వేసే రహస్య బిట్ల వరుసను, అంటే కీని, వెలుగుతో పంచుకోవడానికి 1984లో బెనెట్, బ్రసార్డ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి మీకు తెలిసిందే. నిలువు, అడ్డం, రెండు ఏటవాలు, ఈ నాలుగు ధ్రువణాల్లో, అంటే వెలుగు తరంగం ఊగే దిశల్లో, ఒకదానితో ఫోటాన్‌ను, అంటే ఒంటి వెలుగు కణాన్ని, పంపుతాం. నిలువు-అడ్డం ఒక జత, ఏటవాలు రెండూ ఇంకో జత; ఈ జతనే బేసిస్ అంటాం. తప్పు బేసిస్‌లో కొలిస్తే జవాబు బొమ్మా బొరుసే. దారిలో ఎవడైనా ప్రతి ఫోటాన్‌నూ కొలిచి తిరిగి పంపితే మన బిట్లలో 25 శాతం తప్పులొస్తాయి. తప్పులు 11 శాతం దాటితే ఆ కీని పారేస్తాం. సిద్ధాంతం గట్టిదే.

ఇప్పుడు ఒంగోలు నుంచి నెల్లూరుకు లైను లాగామనుకోండి. సుమారు 120 కిలోమీటర్లు. మంచి ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టం, మొత్తం 24. అంటే 250 ఫోటాన్లు పంపితే చేరేది ఒక్కటి. స్ప్లైసులనే ఫైబర్ అతుకులు, కనెక్టర్లు తినేది వేరే. ఆ ఒక్కదాన్ని పట్టాల్సిన డిటెక్టర్ ఒక డయోడ్. దాన్ని మైనస్ 40 డిగ్రీలకో ఇంకా కిందికో చల్లబరిచి, ఒక్క ఫోటాన్‌కే కరెంటు ఉప్పెనలా పారేలా బ్రేక్‌డౌన్ అనే హద్దు దాటేంత వోల్టేజీ పెట్టి, నానోసెకను సేపు తెరిచి మూస్తాం. ఆ ఉప్పెననే క్లిక్ అంటాం. అయినా పదింటిలో ఒకటో రెండో పడతాయి. వెలుగు లేకుండానే వచ్చే డార్క్ కౌంట్లు వీటిలో కలుస్తాయి. క్లిక్ తర్వాత కొన్ని మైక్రోసెకన్లు ఆపకపోతే పాత క్లిక్కే మళ్లీ మోగుతుంది.

దొంగకు సందు ఇక్కడే. డయోడ్ మీద ఆగకుండా గట్టి వెలుగు పోస్తే కరెంటు పారి వోల్టేజీ బ్రేక్‌డౌన్ కిందికి దిగుతుంది. ఇక దానికి ఒంటి ఫోటాన్ కనబడదు, మామూలు లైట్ మీటరైపోతుంది. అప్పుడు దొంగ తను కొలిచిన బిట్‌నే గట్టి పల్సుగా పంపుతాడు. బేసిస్ కలిస్తే క్లిక్. కలవకపోతే వెలుగు రెండు డిటెక్టర్లకూ సగం సగం పోయి ఏదీ మోగదు. తప్పుల శాతం పెరగదు, మనం కీ భద్రమనుకుంటాం! 2010లో నార్వే, జర్మనీ పరిశోధకులు మార్కెట్లో అమ్ముతున్న క్వాంటం కీ పెట్టెల మీదే ఇది చేసి చూపారు.

అయ్యా, రేపు మీ ఆఫీసుకు ఈ పెట్టె అమ్మడానికి వచ్చినవాణ్ణి సెకనుకు ఎన్ని కీ బిట్లు వస్తాయో తర్వాత అడగండి. డయోడ్ కరెంటును ఎవరు కాపలా కాస్తున్నారో ముందు అడగండి.

దీనికి 2012లో ఒక దారి దొరికింది. ఒంగోలు, నెల్లూరు రెండూ పల్సులు పంపుతాయి, కొలిచే పెట్టె నడుమ కావలి ఊళ్లో ఉంటుంది. ఆ పెట్టె దొంగ చేతిలో ఉన్నా ఫరవాలేదు. రెండు బిట్లూ ఒకటేనా వేరా అని మాత్రమే అది చెబుతుంది, బిట్ ఏమిటో దానికీ తెలియదు. తమ బిట్ తమకు తెలుసు కాబట్టి రెండు ఊళ్లూ అవతలి బిట్‌ను తేల్చుకుంటాయి. చిక్కేమిటంటే రెండు పల్సులూ కావలికి ఒకే క్షణంలో, ఒకే రంగులో రావాలి. వెనక వరుసలో ఫైబర్ పని చేసేవాళ్లున్నారు గదా, ఈ కష్టం మీకే బాగా అర్థమవుతుంది. ఒక్క డిగ్రీ వేడికి కిలోమీటరు ఫైబర్‌లో దాదాపు 40 పికోసెకన్ల తేడా. 60 కిలోమీటర్లకు 2.4 నానోసెకన్లు. స్తంభాల మీద వేలాడే కేబుల్ అయితే మన మే నెల ఎండకు పల్సులు ఒకదాన్నొకటి దాటిపోతాయి. ఆ ఆలస్యాన్ని రోజంతా సరిచేసే సర్క్యూట్ లేకుండా టెండరు పిలవకండి.