గ్రహాంతరవాసులకూ ఓ ఆఫీసు

శ్రోతలకు నమస్కారం.

న్యూయార్క్ వీధుల్లో మనుషుల వేషం వేసుకుని గ్రహాంతరవాసులు హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు. వాళ్ళని ఓ కంట కనిపెట్టి ఉండటానికి నల్ల సూట్లు, నల్ల కళ్ళద్దాల రహస్య పోలీసులు ఉన్నారు. చూడకూడనిది ఎవరైనా చూస్తే, పెన్నులాంటి పరికరాన్ని కళ్ళ ముందు తళుక్కుమనిపిస్తారు. అంతే, చూసిందంతా మరిచిపోతారు. 1997లో బ్యారీ సోనెన్‌ఫెల్డ్ తీసిన 'మెన్ ఇన్ బ్లాక్' కథ ఇది. లోవెల్ కన్నింగ్‌హామ్ రాసిన కామిక్స్ దీనికి ఆధారం.

నాకు ఇందులో బాగా నచ్చింది ఆ రహస్య పోలీసుల ఆఫీసు. అచ్చం ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ హాలే! ఏ లోకం నుంచి దిగినా కాగితాలు చూపించాల్సిందే. అమెరికాలో దిగి ఆ లైన్లో టెన్షన్‌గా నిలబడ్డవాళ్ళు ఇక్కడ ఇంకాస్త గట్టిగా నవ్వుతారు. అసలు సినిమా మొదలయ్యేదే మెక్సికో సరిహద్దులో. దొంగచాటుగా వస్తున్న వ్యానును పోలీసులు ఆపుతారు. ఆ నల్ల సూట్లవాళ్ళలో ఒకడైన ఏజెంట్ కె వచ్చి అందరినీ వెళ్ళిపొమ్మని, ఒక్కడిని మాత్రం పట్టుకుంటాడు. వాడు మనిషి కాదు మరి!

ఆ కె పాత్రలో టామీ లీ జోన్స్ నవ్వడు, మనల్ని నవ్విస్తాడు. కారులో ఓ గ్రహాంతరవాసికి పురుడు పోస్తూ, కొత్తగా చేరిన జోడీ ఏజెంట్‌గా వేసిన విల్ స్మిత్ నానా పాట్లు పడుతుంటే, ఈయన బయట నిలబడి తండ్రితో తాపీగా కబుర్లు చెబుతుంటాడు.

తెర వెనక సంగతి ఒకటి చెప్పాలి. మొదట కథలో రెండు గ్రహజాతుల మధ్య యుద్ధం ఉండేది. షూటింగ్ అయ్యాక చూసుకుంటే అంతా గందరగోళంగా అనిపించింది. దాంతో ఒక జాతిని కథలోంచి లేపేశారు! హోటల్లో గ్రహాంతరవాసులు మాట్లాడే భాష ఎవరికీ రాదు కాబట్టి, కింద సబ్‌టైటిల్స్ మార్చేశారు. ఫ్రాంక్ అనే మాట్లాడే పగ్ కుక్క చేత కొత్త డైలాగులు పలికించారు. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకు ఈ కిటుకు కొత్తేమీ కాదులెండి.

మేకప్‌కి రిక్ బేకర్, డేవిడ్ లెరాయ్ ఆండర్సన్‌లకు ఆస్కార్ వచ్చింది. విలన్ వేషం వేసిన విన్సెంట్ డనాఫ్రియోకి కూడా ఏదో ఒకటి ఇవ్వాల్సింది. రైతు చర్మం తొడుక్కున్న పురుగులా నడవడానికి ఆయన మోకాళ్ళు వంగకుండా కట్లు కట్టుకున్నాడు.

తర్వాత ఇంకో మూడు భాగాలు వచ్చాయి. ఒక్కటే చూసే తీరిక ఉంటే 2012లో వచ్చిన మూడోది చూడండి. అందులో కుర్ర కె వేషం వేసిన జోష్ బ్రోలిన్ టామీ లీ జోన్స్‌ని అచ్చు గుద్దినట్టు దించేశాడు.