డాలరున్నర పట్టుదల

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో న్యూజెర్సీలో మా అమ్మాయి నన్ను కాస్ట్‌కో అనే పెద్ద దుకాణానికి తీసుకెళ్ళింది. గుమ్మంలోనే కార్డు చూపించాలి. ఏడాదికి 65 డాలర్లట! "సరుకుకి డబ్బులిస్తాం సరే, కొట్లో అడుగు పెట్టడానికి కూడానా?" అన్నాను. "లోపలికి రా నాన్నా, చూద్దువుగాని" అంది.

ఈ కార్డు వెనక సాల్ ప్రైస్ అనే లాయరు ఉన్నాడు. తను పెట్టిన ఫెడ్‌మార్ట్ అనే దుకాణాల సంస్థ నుంచి, దాన్ని కొన్నవాళ్ళు ఆయన్నే పంపించేశారు. అరవై ఏళ్ళ వయసులో, 1976లో, శాన్ డియాగోలో పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ తెరిచాడు. కార్డు ఉన్నవాళ్ళకే ప్రవేశం, మొదట్లో అదీ వ్యాపారులకే. ఫెడ్‌మార్ట్‌లో పరుపులు దింపే పనికి చేరిన కుర్రాడు జిమ్ సినెగల్. ఆయన 1983లో సియాటిల్‌లో జెఫ్ బ్రాట్‌మన్‌తో కలిసి కాస్ట్‌కో మొదలుపెట్టాడు. పదేళ్ళకు రెండూ కలిసిపోయాయి. చరిత్ర ఇక్కడితో ఆపుతాను. నా ఆత్రమంతా కాస్ట్‌కోలో అమ్మే హాట్‌డాగ్ సంగతి చెప్పాలనే.

బన్నులో మాంసం సాసేజీ, పక్కన కూల్‌డ్రింకు. 1980ల మధ్యలో డాలరున్నర. ఇవాళా డాలరున్నరే. నేను శాకాహారిని, రుచి అడక్కండి. సినెగల్ తర్వాత సీఈఓ అయిన క్రెయిగ్ జెలినెక్ ఒకసారి ఆయన దగ్గరికెళ్ళి, ఈ రేటుకు గిట్టడం లేదన్నాడట. రేటు పెంచావంటే చంపేస్తాను, ఏదో దారి చూడు అన్నాడట సినెగల్. మధ్యలో ఒక తిట్టు కూడా ఉంది, అది రేడియోలో చెప్పలేను. ఇంతకీ దొరికిన దారి ఏమిటి? బయట కొనడం మానేసి సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. డాలరున్నర, డాలరున్నరగానే ఉండిపోయింది.

ఎందుకింత పంతం? కార్డు కోసం. సరుకు మీద 14, 15 శాతం కంటే ఎక్కువ వేసుకోరు. జీతాలు, కరెంటు పోగా అందులో మిగిలేది కొంచెమే. 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్క కార్డుల మీదే 480 కోట్ల డాలర్లు వచ్చాయి. మోసపోయానని అనిపించినవాడు వచ్చే ఏడు కార్డు కట్టడు కదా! అందుకే నాకీ పద్ధతి నచ్చింది. కొట్టువాడు మన నమ్మకం మీద బతుకుతున్నాడు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకు ఒక్క మాట. రేటు చీటీలో పెద్ద అంకె చూసి మురిసిపోకండి. కింద చిన్న అక్షరాల్లో పౌనుకో, ఔన్సుకో ఎంతో ఉంటుంది, అది చూడండి. అదీ చాలదు. మా అమ్మాయి ఇంట్లో పాలకూర డబ్బా సగం కుళ్ళి చెత్తబుట్టకు పోయింది. అప్పుడు చవక ఎక్కడిది? బియ్యం, నూనె, టిష్యూ పేపరు అయితే నిలవుంటాయి. కార్డు కట్టేముందు ఫ్రిజ్‌లో ఏం పాడవుతోందో చూసుకోండి. కట్టాక గిట్టలేదనిపిస్తే మొహమాటపడకుండా మెంబర్‌షిప్ కౌంటరు దగ్గర అడగండి, ఆ 65 డాలర్లూ వెనక్కిస్తారు.