పదో పుస్తకం దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం

హోస్ట్: నమస్కారం. పెద్ద ఫాంటసీ సిరీస్ మొదలుపెడతాం. మూడు నాలుగు పుస్తకాలు తిండీ నిద్రా మానేసి చదువుతాం. తర్వాత ఎక్కడో ఆగిపోతాం, బుక్‌మార్క్ అక్కడే ఉండిపోతుంది. ఎందుకంటారు?

అతిథి: ఓపిక లేక అని అందరూ తమనే తిట్టుకుంటారండీ. నేను ఒప్పుకోను. ఎక్కడ ఆగారో అడిగి చూడండి, ఎక్కువమంది సిరీస్ నడుమనే అంటారు. అంటే లోపం చదివేవాళ్లది కాదు, కథ అల్లికలోనే ఏదో ఉంది.

హోస్ట్: ఒక ఉదాహరణ చెప్పండి.

అతిథి: 'ది వీల్ ఆఫ్ టైమ్' ఉంది కదా. 14 సంపుటాలు, 1990లో మొదలై 2013లో ముగిసింది. తొమ్మిదో పుస్తకం చివర ఒక మహా ఘట్టం వస్తుంది. అదేంటో చెప్పను, చదవనివాళ్లు ఉంటారు. ఆ తర్వాత ఏమైందా అని ఆత్రంగా పదోది తెరుస్తామా, కథ వెనక్కి వెళ్తుంది! ఆ ఘట్టం జరుగుతున్నప్పుడు మిగతావాళ్లు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని ఒక్కొక్కరి దగ్గరకూ తీసుకెళ్తుంది. ఎక్కడో దూరాన ఏదో జరుగుతోందని వాళ్లకు తెలుస్తుంది, అంతే. వందల పేజీలు తిప్పినా మనం చాలావరకు అక్కడక్కడే ఉంటాం.

హోస్ట్: అభిమానులు 'స్లాగ్', అంటే ఈడ్చుకుంటూ సాగే భాగం, అనేది దీన్నేనా?

అతిథి: ఇది కూడా అందులోదే. ఏడో ఎనిమిదో పుస్తకం నుంచే మొదలైందనేవాళ్లూ ఉన్నారు. పాత్రలు పెరిగేకొద్దీ ప్రతి ఒక్కరికీ అధ్యాయాలు ఇవ్వాలి, దాంతో ఎవరి కథా కదలదు. 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' అనే ఇంకో ఫాంటసీ సిరీస్‌లోనూ ఇదే జరిగింది. ఒక పుస్తకంలో పట్టక పాత్రలను రెండుగా విడదీశారు. సగంమంది కథ 2005లో వచ్చింది, మిగతా సగంమంది కోసం 2011 దాకా ఆగాల్సి వచ్చింది.

హోస్ట్: మరి మళ్లీ మొదలుపెట్టాలంటే? చాలామంది మొదటి పుస్తకం నుంచి చదువుతామంటారు.

అతిథి: దయచేసి ఆ పని చేయకండి! ఇది నేను గట్టిగా నమ్మే మాట. మొదటి పుస్తకాలు మనకు ముందే ఇష్టం కాబట్టి హాయిగా సాగుతాయి. కానీ బండి ఆగిన చోటికి చేరేసరికి మళ్లీ అలసిపోతాం, మళ్లీ అక్కడే ఆగుతాం. ఆగిన పుస్తకానికి ముందుదాని చివరి యాభై పేజీలు చదవండి. మిగతాదానికి సారాంశం చాలు. వెనక పదకోశం ఉంటే దాన్నీ ఒకసారి చూడండి.

హోస్ట్: పేర్లు గుర్తుండవే!

అతిథి: ఉండక్కర్లేదు. ముఖ్యమైనవాళ్లు నాలుగు అధ్యాయాల్లో మళ్లీ వస్తారు, వాళ్లను చూస్తే ఒక్కొక్కటీ గుర్తొస్తుంది. ఇంకో సంగతి. అప్పట్లో ఆ పదో పుస్తకం కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూసినవాళ్లకు అది మింగుడుపడలేదు. ఇప్పుడు మనకు ఆ బాధ లేదు, పదోది అయిన రాత్రే పదకొండోది తెరవొచ్చు. అక్కడ కథ మళ్లీ పరుగందుకుంటుంది, నాకు ఎంత ఇష్టమో ఆ పుస్తకం!

హోస్ట్: అసలు ముగింపే రాని సిరీస్‌ల మాటేంటి?

అతిథి: 'ది వీల్ ఆఫ్ టైమ్' రచయిత రాబర్ట్ జోర్డన్ సిరీస్ ముగియకముందే, 2007లో చనిపోయారు. ఆయన వదిలివెళ్లిన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత చివరి మూడు పుస్తకాలూ పూర్తిచేశారు. అన్నిటికీ అలా జరుగుతుందని చెప్పలేం. అయినా ముగింపు వచ్చాకే మొదలుపెడతానని కూర్చుంటే, ఇంకా ముగియని 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'లో మూడో పుస్తకం లాంటిది చేతికందేంత దూరంలో ఉండీ చదవకుండా పోతుంది. అది మాత్రం నేను వదులుకోలేను.

హోస్ట్: అయితే ఆగిపోయినవాళ్లు ఈ రాత్రికి ఏం చేయాలి?

అతిథి: ముందు పుస్తకం చివరి యాభై పేజీలు.