ఆరు కుట్లతో మొదలయ్యే వలయం: వాయూ స్త్రీల అల్లిక, మన లేసు సూది

సభలోని పెద్దలకు, సూదులూ దారపు ఉండలూ ఒడిలో పెట్టుకుని కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈ పూట నేను మాట్లాడబోయేది అరచేతిలో ఇమిడే ఒక రంగుల వలయం గురించి. ఆహ్వానపత్రంలో దీనిని ‘ఆదివాసీ మండల’ అని అచ్చువేశారు. ఆ రెండు మాటలతోనూ నాకు కాస్త పేచీ ఉంది కనుక, ముందు ఆ సంగతి తేల్చి తర్వాత సూది పడతాను.

మండలం మన మాట. సూర్యమండలం అంటాం, 41 రోజుల దీక్షను మండల దీక్ష అంటాం, 1985 తర్వాతనైతే కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లేది కూడా మండల కార్యాలయానికే. అదే మాట టిబెట్ బౌద్ధుల రంగు ఇసుక చిత్రాల వెంట పడమటి దేశాలకు వెళ్లింది. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ దానిని మనసు గీసుకునే బొమ్మలకు వాడాడు. చివరకు క్రోషే, అంటే కొక్కెపు సూది అల్లిక, అల్లేవాళ్ల చేతిలో పడి, రంగురంగుల గుండ్రని అల్లిక ఏదైనా సరే మండల అనిపించుకునే స్థితికి వచ్చింది. నేను చూపబోయే వలయాన్ని అల్లే స్త్రీల భాషలో ఆ మాట లేదు. వారికి అది సంచి అడుగు మాత్రమే.

ఇక ‘ఆదివాసీ’ అన్న మాట. అమెరికా ఖండాల్లో వందలాది మూలజాతులు ఉన్నాయి, వారిలో ఎవరి పని ఎవరిదో చెప్పకుండా అందరినీ ఒక్క గంపకింద పెట్టడం న్యాయం కాదు. మెక్సికోలోని విషారికా ప్రజలు అడ్డంగా కట్టిన రెండు పుల్లల మీద రంగు నూలు చుట్టి ఒక బొమ్మ చేస్తారు. దానినీ మండల అనే పేరుతోనే అమ్ముతున్నారు గానీ, అందులో కొక్కెపు సూదితో పనే లేదు. అందుకని నేను ఒక్క జాతినే, ఒక్క వస్తువునే తీసుకుంటున్నాను. ఆ జాతి వాయూ, ఆ వస్తువు వారి భుజాన వేలాడే సంచి.

దక్షిణ అమెరికా ఉత్తరపు కొసన, కరీబియన్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన గువహీరా అనే ద్వీపకల్పం ఉంది. అధిక భాగం ఎండిన నేల, ముళ్లచెట్లు, గాలి, మేకల మందలు. కొలంబియా, వెనెజులా దేశాల సరిహద్దు దాని మీదుగానే పోతుంది గానీ, వాయూ ప్రజలు ఆ గీతకు రెండువైపులా ఉన్నారు. కొలంబియాలో 2018 జనాభా లెక్కల ప్రకారం వారు సుమారు 3.8 లక్షల మంది. ఆ దేశపు మూలజాతుల్లో అందరికంటే పెద్ద సమూహం వారిదే. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆడపిల్ల రజస్వల అయినప్పుడు కొంతకాలం ఏకాంతంలో ఉంచుతారు, ఆ ఏకాంతంలోనే ఇంటి పెద్ద స్త్రీలు ఆమెకు అల్లికనూ నేతనూ క్షుణ్ణంగా నేర్పుతారు. మూల కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు, కానీ ఆ మూలనే ఒక బడిగా మలచడం నాకు చాలా నచ్చిన విషయం.

ఈ విద్యను వారికి నేర్పింది వాలెకెరూ అనే సాలీడట. ఒక వేటగాడు దిక్కులేని ఒక పిల్లను ఇంటికి తెచ్చుకుంటాడు, ఆ సాలీడే అయిన ఆ పిల్ల రాత్రివేళ కన్యగా మారి, నోటి నుంచి దారం తీస్తూ అతనికి నడికట్లూ సంచులూ అల్లి పెడుతుంది. కథను చెప్పేవారిని బట్టి వివరాలు మారతాయి. నోట్లోంచి దారం రావడం మాత్రం మారదు.

కథ అలా ఉండగా, కొక్కెపు సూది చరిత్ర వేరు. మగ్గం మీద కానాస్ అనే నమూనాలు నేయడం వాయూ స్త్రీలకు పాత విద్య. తాబేటి డొప్ప, చేప కన్ను, గుర్రపు గిట్ట ముద్ర, ఆవు పేగుల మెలికలు, ఇలా చుట్టూ కనబడే వాటినే కోణాలుగా, రేఖలుగా మార్చి నేతలో పెట్టేవారు. క్రోషేను మాత్రం 20వ శతాబ్దపు తొలినాళ్లలో కాపుచిన్ క్రైస్తవ మిషన్లు తెచ్చాయని చెబుతారు. వాయూ స్త్రీలు ఆ పరాయి సూదిని తీసుకుని, దానితో తమ మగ్గపు నమూనాలనే అల్లారు. అలా పుట్టినదే ఇవాళ ప్రపంచమంతా ‘మోచీలా’ అని పిలుస్తున్న సంచి. వారి భాషలో దాని పేరు ‘సుసు’.

ఇక్కడ నర్సాపురం వైపు నుంచి వచ్చినవారికి ఏదో గుర్తుకు వస్తూ ఉండాలి. మన గోదావరి జిల్లాలకు లేసు అల్లిక వచ్చినదీ ఆ దారినే. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు మాక్రే దంపతులు మొదలుపెట్టారని చెప్పే విద్య అది. మా అమ్మ కూడా ఆ సూదితోనే మమ్మల్ని పెంచింది. ఏజెంటు నూలును తూకం వేసి ఇచ్చేవాడు, అల్లిన లేసునూ తూకం వేసే తీసుకునేవాడు. తూకంలో తేడా వస్తే ఆ నష్టం అమ్మదే. జర్మనీ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి ఈ పని తీరు మీద పరిశోధన చేసి, 1982లో పుస్తకంగా వెలువరించారు. విదేశీ బజారుకు సరుకు తయారుచేస్తున్న స్త్రీలను ‘ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులు’గా లెక్కగట్టడం వల్లనే కూలి అంత తక్కువగా ఉంటోందన్నది ఆమె వాదన. మా అమ్మ ఆ పుస్తకం చదవలేదు గానీ, ఆ మాట మా అరుగు మీద తరచు వినబడేదే.

కాబట్టి సూది రెండు చోట్లకూ ఒకే విధంగా వచ్చింది, పని మాత్రం రెండు విధాలుగా సాగింది. మన డాయిలీ, అంటే బల్ల మీద పరిచే లేసు గుడ్డ, తెల్లనిది, లేదా మీగడ రంగుది. దాని అందం అంతా ఖాళీల్లో ఉంటుంది, బల్ల మీద పరిస్తే కింది కర్ర కనబడాలి. వాయూ వలయంలో ఖాళీ ఉండకూడదు. అది సంచి అడుగు కనుక చిల్లర నాణెం కూడా జారకూడదు, అందం అంతా రంగులో ఉండాలి. మన చేతులకు అలవాటైనది పొడుగు కుట్టు, వారిది పొట్టి కుట్టు. అమెరికా పుస్తకాలు ఈ పొట్టి కుట్టును సింగిల్ క్రోషే అంటే, బ్రిటిష్ పుస్తకాలు దానినే డబుల్ క్రోషే అంటాయి. వీడియోలు చూసి నేర్చుకునేవారు ఆ చెబుతున్నది ఏ దేశపువారో ముందు కనుక్కోండి, లేకపోతే రెండో చుట్టులోనే తగాదా మొదలవుతుంది.

ఇప్పుడు పని. 2.5 మిల్లీమీటర్ల సూది, సన్నని మెలి ఉన్న నూలు లేదా అక్రిలిక్ దారం చాలు. బిగిస్తే మూసుకుపోయే ఉచ్చు వేసి అందులో ఆరు పొట్టి కుట్లు వేయండి. రెండో చుట్టులో పన్నెండు, మూడో చుట్టులో పద్దెనిమిది, ఇలా ఒకే కుట్టులో రెండేసి వేస్తూ చుట్టు చుట్టుకూ ఆరేసి పెంచుతూ పోవాలి. ఆరే ఎందుకని నేను చిన్నప్పుడు అడిగితే ‘అదంతే’ అన్నారు. కారణం ఉంది. వృత్తపు వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు మేర పెరిగినప్పుడు దాని చుట్టుకొలత ఆ ఎత్తుకు 6.28 రెట్లు పెరుగుతుంది. పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కనుక చుట్టుకు ఆరు కొత్త కుట్లు సరిపోతాయి. మన పొడుగు కుట్టు వెడల్పుకు సుమారు రెట్టింపు ఎత్తు ఉంటుంది, అందుకే డాయిలీలో పన్నెండు పెంచుతాం. ఆరుకు తక్కువైతే వలయం గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పోతుంది. ఆ కుచ్చిళ్లనే పట్టుకుని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అనే గణితవేత్త 1997లో అతిపరావలయ జ్యామితికి, అంటే అంచుకు పోయేకొద్దీ కుచ్చిళ్లలా విస్తరించే తలాల లెక్కకు, క్రోషేలో నమూనాలు అల్లారు. మన చేతిలో అదే జరిగితే తప్పు పోయిందని విప్పేస్తాం.

పెంపులు ఎప్పుడూ ఒకే చోట పడితే అంచు ఆరు కోణాలుగా తేలుతుంది. గుండ్రంగా రావాలంటే ఒక చుట్టులో పెంచిన చోటును తర్వాతి చుట్టులో కాస్త జరపాలి. చుట్టు ముగిసిన చోట ముడి వేయకండి. వాయూ స్త్రీలు నత్తగుల్లలా ఆగకుండా తిరుగుతూ పోతారు. చుట్టు మొదలు తెలియడానికి వేరే రంగు దారపు ముక్క ఒకటి గుర్తుగా పెట్టుకుంటే చాలు.

రంగు మార్చడమే ఇందులో అసలు కిటుకు, దీని దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. కుట్టులో సూది మీద రెండు ఉచ్చులు మిగిలిన క్షణం ఒకటి ఉంటుంది, అక్కడ ఆగాలి. పాత రంగుతో ఆ కుట్టును ముగించకుండా, కొత్త రంగు దారం అందుకుని రెండు ఉచ్చుల్లోంచీ లాగాలి. అంటే తర్వాతి కుట్టు తల ముందే రంగు మార్చుకుంటుంది. వాడని దారాన్ని తెంచకూడదు, వెనక వదిలేయకూడదు. కింది చుట్టు అంచు మీద పడుకోబెట్టి, కొత్త కుట్లు దానిని కప్పేలా అల్లుకుంటూ పోవాలి. వాయూ సంచి తిరగేసి చూసినా వేలాడే పోగులు కనబడకపోవడానికీ, బట్ట అంత దట్టంగా ఉండడానికీ కారణం ఇదే. నా మొదటి వలయంలో ఆ దాగిన దారాన్ని భయంకొద్దీ బిగించి లాగాను, అది నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది. ప్రతి పది కుట్లకూ ఒకసారి అల్లికను బొటనవేలితో సాగదీస్తే లోపలి దారం తనంతట తాను సర్దుకుంటుంది.

నమూనాకు లెక్క సులువు. ఆరు పెంపుల వల్ల వలయం ఆరు చీలికలుగా ఉంటుంది, ఎన్నో చుట్టులో ఉంటే ఒక్కో చీలికలో అన్ని కుట్లు. మొదటి మూడు చుట్లూ ఎరుపుతో నింపండి. నాలుగులో ప్రతి చీలికకూ మూడు ఎరుపు, ఒకటి పసుపు. అయిదులో రెండు ఎరుపు, మూడు పసుపు. ఆరులో ఒక ఎరుపు, అయిదు పసుపు. ఏడో చుట్టు అంతా పసుపు. పసుపు పొలంలో ఆరు కొనల ఎర్ర నక్షత్రం తేలుతుంది. ఎనిమిది నీలం, తొమ్మిదిలోని 54 కుట్లూ ఒకటి తెలుపు ఒకటి నీలం, పదో చుట్టు నలుపు. మొత్తం 330 కుట్లు, అడ్డంగా సుమారు 8 సెంటీమీటర్లు, టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. నక్షత్రపు కొనలు నిటారుగా రాక ఒక పక్కకు వాలుతాయి, ఎడమచేతివాటం వారికి ఎదురుదిక్కుకు. అది తప్పు కాదు, పొట్టి కుట్టు స్వభావమే అంత.

ఇది వాయూ నమూనా కాదని గట్టిగా చెబుతున్నాను. పద్ధతి వారిది, నక్షత్రం నాది. తాబేటి డొప్పనో చేప కన్నునో కొలత తీసి మీకు ఇవ్వగలను గానీ, ఇవ్వను. కొలంబియా ప్రభుత్వం 2011లో వాయూ నేతకు మూలస్థాన నామ రక్షణ ఇచ్చింది. మన నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. ఇంట్లో అల్లుకోవడాన్ని ఆ చట్టాలు ఆపవు, అమ్మేటప్పుడు ఆ పేరు ఎవరు వాడవచ్చన్నదే వాటి పట్టింపు. యంత్రం మీద చేసిన దానికి నర్సాపురం లేసు అని చీటీ అంటించి అమ్మితే మనకు ఎక్కడ మండుతుందో, మన చేతి వలయాన్ని ‘అసలైన వాయూ మండల’ అని అమ్మితే గువహీరా ఊళ్లయిన ఉరీబియాలోనో మైకావోలోనో కూర్చుని అల్లుతున్న ఆమెకూ అక్కడే మండుతుంది. మీలో అమ్మకానికి చేసేవారు ఉంటే చీటీ మీద ‘వాయూ పద్ధతిలో, ఫలానా ఊరి అల్లిక’ అని రాయండి, కింద మీ పేరు రాయండి.

చివరి కుట్టు అయ్యాక దారాన్ని ఒక జానెడు వదిలి తెంపి, కొసను సూదితో వెనక కుట్లలోకి దూర్చండి. నూలైతే తడిపి, తువ్వాలు మీద గుండ్రంగా సర్ది గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. అక్రిలిక్ మీద మాత్రం వేడి ఇస్త్రీ పెట్టకండి, చచ్చుబడిపోతుంది.

ఎర్ర ఉండలు ముందు వరుస నుంచి పంచుతున్నారు. పసుపును ఇంకా ముట్టుకోవద్దు, ముందు ఉచ్చు వేసి ఆరు కుట్లు లెక్కపెట్టుకోండి. నేను వరుసల మధ్యకు వస్తున్నాను.