మించడానికి ‘దాన్’ ఎందుకు? సర్పాస్, అవుట్‌గ్రో, ఎక్సెల్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఒకరు ఇంకొకరిని మించిపోయారని చెప్పడానికి ఇంగ్లీష్‌లో వాడే క్రియలను ఈరోజు రివ్యూ చేద్దాం.

నా మొదటి ఇంటర్వ్యూలో టెన్షన్‌తో ‘ఐ సర్పాస్డ్ దాన్ మై టార్గెట్’ అనేశాను. ఎదురుగా కూర్చున్నాయన నెమ్మదిగా, ‘దాన్ తీసేసి ఇంకోసారి చెప్పండి’ అన్నారు. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటికొచ్చాక అర్థమైంది. మనసులో ‘టార్గెట్ కంటే ఎక్కువ’ అనుకుంటాం. ఆ ‘కంటే’ నోటి దాకా వచ్చేసరికి ‘దాన్’ అయిపోతుంది. ఈసారి ‘మించు’ అనుకుని చూడండి. గురువును మించాడు. ఆ ‘ను’ ఉంటే ‘కంటే’తో పనిలేదు. సర్పాస్ కూడా అచ్చం అంతే. 2023 నవంబర్ 15న వాంఖడేలో కోహ్లీ 50వ వన్డే సెంచరీ కొట్టి సచిన్ 49 సెంచరీల రికార్డు దాటాడు కదా. ‘కోహ్లీ సర్పాస్డ్ సచిన్’. అంతే, మధ్యలో ఏమీ రాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ‘అవుట్’తో మొదలయ్యేవి. అవుట్‌గ్రో చూడండి. జూన్‌లో బడి తెరిచే ముందు రోజు పిల్లాడికి పోయినేడాది యూనిఫాం ప్యాంటు తొడుగుతాం. అది చీలమండ పైన ఆగిపోతుంది, నడుం దగ్గర హుక్కు పట్టదు. ‘హి హాజ్ అవుట్‌గ్రోన్ హిజ్ ప్యాంట్స్’. ప్యాంటు పొట్టిదైందని మనం అంటాం, వాడు ప్యాంటును మించి పెరిగాడని ఇంగ్లీష్ అంటుంది. ఎంత బాగుందో! అవుట్‌విట్ అంటే తెలివితో దెబ్బకొట్టడం. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు చేసే పని అదే. ‘షి అవుట్‌లివ్డ్ హర్ హస్బెండ్ బై టెన్ ఇయర్స్’ అంటే ఆయన పోయాక ఆమె ఇంకో పదేళ్లు బతికిందని. తేడా ఎంతో చెప్పాలంటే ‘బై’ పెట్టండి. అలాగని కనిపించిన ప్రతి క్రియకూ ‘అవుట్’ తగిలించకండి, వాడుకలో ఉన్నవే వాడండి.

ఎక్సీడ్ అంకెలకు, హద్దులకు బాగుంటుంది: స్పీడ్ లిమిట్, బడ్జెట్ లాంటివాటికి.

జాగ్రత్తగా ఉండాల్సింది ఎక్సెల్‌తో. ‘షి ఎక్సెల్స్ ఇన్ మ్యాథ్స్’ సరైనది, ఆమె లెక్కల్లో బాగా రాణిస్తుందని అర్థం. లెక్కల్లో నన్ను మించిందని చెప్పాలంటే మాత్రం ఇప్పుడు దీన్ని పెద్దగా వాడరు. మామూలు మాటల్లో అయితే ‘బీట్’ చాలు. సర్పాస్‌ను రాతకి, ఇంటర్వ్యూకి ఉంచుకోండి.

ఇంకా భయంగా ఉంటే ఓవర్‌టేక్‌ను గుర్తు తెచ్చుకోండి. అదీ ఈ కోవలోదే, రోజూ రోడ్డు మీద వాడుతున్నదే. ‘లారీని ఓవర్‌టేక్ చేశాడు’ అంటాం. ‘లారీ కంటే ఓవర్‌టేక్ చేశాడు’ అని మనలో ఎవరూ అనరు.