డాలస్ కౌబాయ్స్ ముందు వరస: డ్రాఫ్ట్‌తో ఎలా కట్టారు, ఎక్కడ ఏమరుపాటు పడ్డారు
(ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తోటి తెలుగువాళ్లకు, జెర్సీలు వేసుకుని ముందు కుర్చీల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ‘ది స్టార్’ 2016లో మన ఊరికి వచ్చింది. ‘ది స్టార్’ ముందు నుంచి రోజూ కార్లలో వెళ్తుంటాం. మన పిల్లలకు డాక్ ప్రెస్కాట్ పేరు తెలుసు, సీడీ ల్యాంబ్ పేరు తెలుసు. ఈరోజు నేను మాట్లాడబోయేది వాళ్ల గురించి కాదు. వాళ్లు ఆడగలిగేలా చేసే ముందు వరస ఐదుగురి గురించి, ఆ ఐదుగురిని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను తీసుకునే చోట, ఎలా ఎంచుకున్నారు, ఎక్కడ ఎంచుకోవడం మానేశారు అన్న సంగతి గురించి.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి విసిరి ఆట నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతిని కాళ్ల మధ్య నుంచి అతనికి అందించేవాడు సెంటర్. సెంటర్‌కు అటూ ఇటూ గార్డులు. ఆ చివర, ఈ చివర టాకిల్స్. ఒక్కొక్కరు 300 పౌన్లకు అటూ ఇటూగా, చాలాసార్లు అంతకు మించి ఉంటారు. మామూలుగా వీళ్లు పాస్ పట్టకూడదు, బంతితో పరుగెత్తేదీ లేదు. ఎదుటివాళ్లు క్వార్టర్‌బ్యాక్ దాకా రాకుండా రెండున్నర, మూడు సెకన్లు నిలబెట్టాలి, లేదా బంతి పట్టుకున్నవాడికి ఇరుకైన దారి తెరవాలి. కబడ్డీ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: చేతులు పట్టుకున్న గొలుసులో ఒక్కడు తొందరపడితే చాలు, మిగతావాళ్లు ఎంత గట్టివాళ్లయినా రెయిడర్ గీత దాటేస్తాడు.

మా అబ్బాయి ఇక్కడి హైస్కూల్లో రైట్ గార్డ్ ఆడాడు. శుక్రవారం రాత్రి మైకులో అతని నంబరు వినిపించిందంటే అది హోల్డింగ్ పెనాల్టీకే, అంటే ఎదుటివాణ్ని చేత్తో పట్టి ఆపిన తప్పుకే. బాగా ఆడిన రోజు ఎవరూ ఆ నంబరు పలకరు. ఆ రోజుల్లోనే నేను బంతిని వదిలిపెట్టి వరసను చూడటం నేర్చుకున్నాను. అందుకే ఈ విషయం మీద నాకింత పట్టుదల.

ఇక డ్రాఫ్ట్. ఇక్కడ వేలం ఉండదు. కిందటి సీజన్లో అట్టడుగున ఉన్న జట్టు మొదట ఎంచుకుంటుంది, సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిన జట్టు ఆఖర్న. 32 జట్లు, ఏడు రౌండ్లు. పైగా జీతాలన్నింటికీ కలిపి లీగ్ (ఎన్ఎఫ్ఎల్) ఒక పరిమితి పెడుతుంది. 2011లో ఆటగాళ్ల సంఘంతో కొత్త ఒప్పందం కుదిరాక, డ్రాఫ్టులో వచ్చిన కుర్రవాడి జీతం అతన్ని ఎన్నో స్థానంలో తీసుకున్నారన్న దాన్ని బట్టి దాదాపు ముందే ఖరారైపోతుంది. ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండువాడైతే క్లబ్ కావాలంటే అయిదో ఏడు కూడా ఉంచుకోవచ్చు. అంటే మంచి టాకిల్‌ను డ్రాఫ్టులో పట్టుకుంటే నాలుగైదేళ్లు అతను అతని విలువ కన్నా తక్కువ జీతానికి ఆడతాడు. బయటి మార్కెట్లో అలాంటివాడు దొరకడం అరుదు. ఇరవై ఆరేళ్ల మంచి లెఫ్ట్ టాకిల్‌ను ఏ క్లబ్బూ వదులుకోదు. వదిలారంటే వయసైనా మీద పడి ఉండాలి, మోకాలైనా పాడై ఉండాలి.

ఈ లెక్క కౌబాయ్స్‌కు తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. జెర్రీ జోన్స్ క్లబ్‌ను కొన్నది 1989లో. అప్పటి నుంచి 2010 దాకా మొదటి రౌండులో ఒక్క ఆఫెన్సివ్ లైన్ (ఈ ముందు వరస) ఆటగాడిని కూడా తీసుకోలేదు. దానికి కారణం తొంభైల విజయాలే అని నా అభిప్రాయం. మూడు సూపర్ బౌల్‌లు గెలిచిన ఆ కాలపు వరసలో నేట్ న్యూటన్‌ను డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు, ఎరిక్ విలియమ్స్ మూడో రౌండువాడు. 1994లో వచ్చి తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన లారీ ఆలెన్ కూడా సోనోమా స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి రెండో రౌండులో వచ్చినవాడు. అలా దొరికేసరికి, వరసను ఎప్పుడైనా ఎక్కడైనా ఏరుకోవచ్చన్న ధీమా పట్టుకుంది. అలాంటి అదృష్టం మళ్లీ తలుపు తట్టలేదు. 2010 నాటికి వరస ముదిరిపోయింది. 2011 వేసవిలో లెనార్డ్ డేవిస్, మార్క్ కొలంబో, ఆండ్రే గురోడ్ ముగ్గురినీ సాగనంపారు.

ఆ ఏడాదే తొలి ఇటుక పడింది. తొమ్మిదో స్థానంలో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) కుర్రాడు టైరన్ స్మిత్. వయసు ఇరవై. కాలేజీలో కుడివైపు ఆడినవాడు. డాలస్ అతన్ని తొందరపెట్టలేదు. మొదటి ఏడాది కుడివైపే ఆడించి, 2012లో ఎడమవైపుకు మార్చారు. క్వార్టర్‌బ్యాక్ కుడిచేతివాటం వాడైతే ఎడమవైపు అతని వీపువైపు. అక్కడి నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. ఇరవయ్యేళ్లవాడికి ఆ బాధ్యత ఇవ్వడానికి ఒక ఏడాది ఆగడం నాకు చాలా నచ్చిన నిర్ణయం.

2012లో మళ్లీ పాత అలవాటు. డిఫెన్స్‌లో ఆడే కార్నర్‌బ్యాక్ మోరిస్ క్లెయిబోర్న్ కోసం పద్నాలుగో స్థానం నుంచి ఆరో స్థానానికి ఎగబాకారు, అందుకు రెండో రౌండు ఎంపికను కూడా ఇచ్చుకున్నారు. గార్డులను బయటి మార్కెట్లో కొన్నారు. వాళ్లలో నేట్ లివింగ్స్ ఒక సీజన్ ఆడి, మరుసటి ఏడు మోకాలి గాయంతో బయటే ఉండిపోయాడు. ఆ 2012లో డాలస్ పరుగు ఆట, అంటే బంతి పట్టుకుని పరుగెత్తి సాధించినది, సగటున మ్యాచ్‌కు 79 యార్డులు (గజాలు). పైగా పాత ఒప్పందాల విషయంలో లీగ్ వేసిన 10 మిలియన్ డాలర్ల కోత జీతాల పరిమితిలోంచి రెండేళ్లపాటు పోయింది. కొనడానికి డబ్బు లేదు. చేతిలో మిగిలింది డ్రాఫ్టు ఒక్కటే.

2013 ఏప్రిల్. పద్దెనిమిదో స్థానం వచ్చింది. దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చేసి 31, 74 స్థానాలు తీసుకున్నారు. 31లో విస్కాన్సిన్ సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్ పేరు చదివారు. ఆ రాత్రి టీవీలో విమర్శలు వినాలి! 40 గజాల పరుగులో అతనికి అయిదున్నర సెకన్లకు పైగా పట్టిందని, రెండో రౌండులోనో మూడో రౌండులోనో దొరికేవాడిని మొదటి రౌండులో తీసుకున్నారని. సెంటర్ 40 గజాలు ఎప్పుడు పరుగెత్తుతాడండీ? అతని పని మొదటి మూడు గజాల్లో అయిపోతుంది. ఎదుటివాళ్ల నిలబాటు చూసి ఎవరు ఎవర్ని పట్టాలో నాలుగైదు సెకన్లలో మిగతా నలుగురికీ చెప్పాలి. ఈ హాల్లో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లే కాబట్టి చెబుతున్నాను: ఫ్రెడరిక్ కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ చదివాడు. మైదానంలో అతని బుర్ర ఎంత వేగంగా పనిచేసేదో స్టాప్‌వాచీకి దొరకలేదు.

2014 డ్రాఫ్టు మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. డాలస్‌ది పదహారో స్థానం. వాళ్లకు కావలసింది డిఫెన్స్ ఆటగాడు. ఆరన్ డొనాల్డ్ 13లో పోయాడు. ర్యాన్ షేజియర్ సరిగ్గా ముందు స్థానంలో, 15లో పోయాడు. అప్పటికి ఇంకా మిగిలి ఉన్నవాడు జానీ మంజీల్. టెక్సస్ ఎ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్, ఆడిన మొదటి ఏడాదే హైస్మన్ ట్రోఫీ (కాలేజీ ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చేది) గెలిచినవాడు, ఈ రాష్ట్రంలో ఇంటింటా తెలిసిన పేరు. టికెట్లు, జెర్సీలు, టీవీ, అన్నీ అతనివైపే లాగుతున్నాయి. జెర్రీ జోన్స్ మనసు కూడా అటే ఉందని ఆయనే తర్వాత దాచకుండా చెప్పాడు. కొడుకు స్టీఫెన్, స్కౌట్లు, కోచ్‌లు మరోవైపు నిలబడ్డారు. యజమాని తన మాట పక్కనపెట్టి వాళ్ల మాట విన్నాడు. నోటర్‌డామ్ ఆటగాడు జాక్ మార్టిన్ పేరు పంపారు.

మార్టిన్ కాలేజీలో లెఫ్ట్ టాకిల్. చేతుల పొడవు 33 అంగుళాలకు కాస్త తక్కువ. టాకిల్‌కు అది చాలదంటారు. ఎదుటివాడి ఛాతీ మీద తన చెయ్యి ముందు పడాలి కదా. డాలస్ అతన్ని రైట్ గార్డ్‌గా లోపలికి జరిపింది. లోపల చేతుల పొడవు కన్నా పాదాల కదలిక, నడుము బలం ముఖ్యం. మొదటి ఏడాదే ఆల్‌ప్రో మొదటి జట్టులో, అంటే లీగ్ మొత్తంలో ఒక్కో స్థానానికి ఉత్తములను ఎంచే జాబితాలో, ఉన్నాడు. పదకొండు సీజన్లూ డాలస్‌లోనే ఆడాడు. తొమ్మిదిసార్లు ప్రో బౌల్ (లీగ్ ఆల్‌స్టార్ జట్లు), ఏడుసార్లు ఆల్‌ప్రో మొదటి జట్టు. మొత్తం కెరీర్లో అతని మీద పడిన హోల్డింగ్ పెనాల్టీలు ఏడు. గార్డ్ తండ్రిగా చెబుతున్నాను, ఆ ఏడు అన్న అంకె నాకు ఏ టచ్‌డౌన్ లెక్క కన్నా గొప్పగా కనిపిస్తుంది. మంజీల్ క్లీవ్‌లండ్‌కు వెళ్లి రెండు సీజన్లతో ఎన్ఎఫ్ఎల్‌కు దూరమయ్యాడు. అతని పతనం చూసి సంతోషించేవాళ్లలో నేను లేను. పదహారో స్థానంలో అతన్ని తీసుకుని ఉంటే ఏం పోయేదో చూడమంటున్నానంతే.

ఫలితం చూడండి. 2011, 2012, 2013 మూడేళ్లూ 8 గెలుపులు, 8 ఓటములు. 2014లో 12 గెలుపులు. 2012లో 79 యార్డుల పరుగు ఆట మ్యాచ్‌కు 147కు చేరింది. బంతితో పరుగెత్తే డిమార్కో మర్రే మొదటి ఎనిమిది మ్యాచ్‌లలోనూ వంద యార్డులు దాటి లీగ్ రికార్డు నెలకొల్పాడు. సీజన్ మొత్తానికి 1,845 యార్డులతో ఎమిట్ స్మిత్ పేరిట ఉన్న క్లబ్ రికార్డును దాటేశాడు. ఆ వరసను కోచ్ బిల్ కాలహన్ తీర్చిదిద్దాడు. లైనంతా ఒకే వైపుకు కదిలే పద్ధతి: ఇద్దరు కలిసి ఒకడిని తోసి, వాళ్లలో ఒకడు విడిపోయి ఎదుటి జట్టులో వెనకున్న లైన్‌బ్యాకర్ అనే డిఫెన్స్ ఆటగాడి మీదకు వెళ్తాడు. ఫ్రెడరిక్, మార్టిన్ పక్కపక్కన అది చేస్తుంటే నేను ఒకే ఆటను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేవాణ్ని.

మరుసటి ఏడాది మర్రే ఫిలడెల్ఫియాకు వెళ్లి 702 యార్డులే చేశాడు. అతని చోట డాలస్‌లో డారెన్ మెక్‌ఫాడెన్ వెయ్యి దాటించాడు. 2016లో కొత్తవాళ్లు ప్రెస్కాట్, ఈజికీల్ ఎలియట్ వచ్చి 13 మ్యాచ్‌లు గెలిపించినప్పుడు టైరన్, ఫ్రెడరిక్, మార్టిన్ ముగ్గురూ ఆల్‌ప్రో మొదటి జట్టులో ఉన్నారు. నాలుగో రౌండులో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ మొదటి ఏడాదే అంత నిబ్బరంగా ఆడాడంటే, నిలబడి చూసే సమయం అతనికి దొరికింది కాబట్టి.

అయితే వరస ఒక్కటే సరిపోదు. 2015లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో కాలర్‌బోన్ విరిగితే అదే వరస ఉన్నా నాలుగే గెలిచారు. ఆ దశాబ్దంలో సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ గడప కూడా తొక్కలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం వేరే సంగతి. గోడ కట్టాక దాన్ని చూసుకోవడం మానేశారు. 2014 తర్వాత 2022 దాకా మొదటి రౌండులో మళ్లీ లైన్ ఆటగాడిని తీసుకోలేదు. 2015 మూడో రౌండులో తెచ్చిన టాకిల్ చాజ్ గ్రీన్ మీద ఆశ పెట్టుకున్నారు. 2017 నవంబరులో అట్లాంటాలో టైరన్ గాయంతో ఆడలేదు, గ్రీన్‌ను ఎడమవైపు దింపారు. అట్లాంటా ఆటగాడు ఏడ్రియన్ క్లేబోర్న్ ఒక్కడే ప్రెస్కాట్‌ను ఆరుసార్లు పడగొట్టాడు. చాలామంది గ్రీన్‌ను తిట్టారు. నేను తిట్టను. ఒక కుర్రాడికి ఒంటరిగా అంత బరువు ఎత్తించి, పక్కన సాయం కూడా పెట్టని ప్రణాళికది ఆ తప్పు. అంతకు ముందే ప్రత్యామ్నాయాన్ని తయారు చేసుకోని మూడు డ్రాఫ్టులది ఆ తప్పు.

తర్వాతవి ఒకదాని వెనక ఒకటి. 2018లో ఫ్రెడరిక్‌కు గిలన్ బార్రే సిండ్రోమ్ వచ్చింది. నరాల మీద దెబ్బకొట్టే జబ్బు. ఆ సీజన్ మొత్తం పోయింది. 2019లో తిరిగి వచ్చి ప్రతి మ్యాచ్ ఆడి, ప్రో బౌల్‌కు ఎంపికై, 2020 మార్చిలో తనంతట తానే రిటైరయ్యాడు. 29 ఏళ్లకు. టైరన్ 2015 తర్వాత ఏ సీజనూ పూర్తిగా ఆడలేకపోయాడు. మెడ, వీపు.

2022లో కళ్లు తెరిచారు. 24వ స్థానంలో టల్సా నుంచి టైలర్ స్మిత్. కాలేజీలో పెనాల్టీలు ఎక్కువన్నారు. అతన్ని గార్డ్‌గా పెంచుదామనుకున్నారు. ఆగస్టులో టైరన్ తొడ కండరం తెగి, ఈ 21 ఏళ్లవాడు నేరుగా లెఫ్ట్ టాకిల్‌గా దిగి నిలబడ్డాడు. 2024లో మొదటి రౌండులో టాకిల్ టైలర్ గైటన్, మూడో రౌండులో కూపర్ బీబీ. బీబీని సెంటర్‌గా మార్చారు. మార్టిన్ రిటైరైన 2025లోనే పన్నెండో స్థానంలో అలబామా గార్డ్ టైలర్ బుకర్. పాత తప్పు నుంచి నేర్చుకున్నారనడానికి నాకు కనిపించే ఆధారం ఇదే. మార్టిన్ ఖాళీ చేసిన చోటును ఒక్క సీజన్ కూడా అరువు ఆటగాడితో నెట్టుకురాలేదు.

లోపలి ముగ్గురి (గార్డులు టైలర్ స్మిత్, బుకర్, సెంటర్ బీబీ) విషయంలో నాకు బెంగ లేదు. చివర్ల మీదే ఉంది. గైటన్ కాలేజీలో కుడివైపు ఆడినవాడు, టైరన్ లాగే. కానీ టైరన్‌కు దొరికిన ఆ ఒక్క ఏడాది గైటన్‌కు ఇవ్వలేదు, మొదటి సీజన్లోనే ఎడమవైపు నిలబెట్టారు. 2020లో డ్రాఫ్ట్ కాకుండా వచ్చి స్థానం సంపాదించుకున్న టెరెన్స్ స్టీల్ కుడివైపు ఉన్నాడు. వాళ్లిద్దరూ బాగానే ఆడుతున్నా సరే, ప్రతి రెండేళ్లకు ఒకసారి మొదటి మూడు రౌండ్లలో ఒక టాకిల్‌ను తెచ్చి, ఏడాదిపాటు బెంచీ మీద ఉంచి తయారుచేయాలని నేనంటాను. ఆ ఎంపికను ఆ రాత్రి ఎవరూ మెచ్చుకోరు. అయినా చేయాలి.

పిల్లలూ, వచ్చే మ్యాచ్‌లో ఒక పని చేయండి. బంతి కదలగానే మొదటి రెండు సెకన్లు దాని వెంట వెళ్లకండి. 73వ నంబరు టైలర్ స్మిత్, 56 బీబీ, 52 బుకర్. ఆ ముగ్గురి పాదాలు చూడండి. చూశాక ఏం కనిపించిందో నాకు చెప్పండి, నేను వెనకాల టీ దగ్గరే ఉంటాను.